భార్యను కొట్టే ఇంటి కథను మిస్టరీగా రాయాలంటే

కడపలో చాలా ఏళ్లు కోర్టు కాగితాలు టైపు చేశాను. వాటిలో ఇరుగుపొరుగు చెప్పే మాట ఒకటి నన్ను ఇప్పటికీ వదల్లేదు: "మాకేమీ వినపడలేదు సార్." ఇప్పుడు నవల రాస్తున్నాను. ఇలాంటి కథ మొదలుపెట్టేవాళ్లకు నేను చెప్పేది ఇదే. కొట్టిందెవరో దాచకండి, అది పాఠకుడు మూడో పేజీలోనే పట్టేస్తాడు. ఎవరెవరికి తెలుసో, తెలిసీ ఎందుకు నోరు మెదపలేదో, అది దాచండి.

ముందు ఆ ఇంటిని కాగితం మీద గీసుకోండి. మా వైపు పాత మట్టి మిద్దెలకు వెలుతురు కోసం, పొగ పోవడానికి పైన గవాచి ఉంటుంది. ఎండాకాలం రాత్రిళ్లు జనం మిద్దెల మీదే పడుకునేవారు. కింద పడిన దెబ్బ గవాచిలోంచి పక్క మిద్దె దాకా వినిపిస్తుంది. మరి పక్కింటి జేజి (అవ్వ) పోలీసులతో "నిద్రపోయింటి నాయనా" అని ఎందుకంటుంది? కొడుక్కి ఆ ఇంటాయన దగ్గర అప్పుందా? తన కాపురంలోనూ ఇదే జరిగిందా, అప్పుడు ఎవరూ అడ్డం రాలేదా? నా నవలంతా ఈ ఒక్క అబద్ధం మీదే నడుస్తోంది.

దెబ్బల్ని పేజీలకు పేజీలు వర్ణించకండి. మే నెల ఎండలో పొడుగు చేతుల రవిక, కూరగాయలు తెచ్చాక రూపాయితో సహా అప్పజెప్పే లెక్క, ఇవి చాలు. మాటలు కూడా అంతే.

"ఏంది వదినా, చెయ్యి కమిలింది?"

"బోరింగు కాడ జారినా."

బోరింగు చెడిపోయి మూడు రోజులైందని ముందు అధ్యాయంలోనే చెప్పి ఉంచండి.

ఆమె ఎందుకు వెళ్లిపోలేదని పాఠకుడు తప్పకుండా అడుగుతాడు. వెళ్లింది. పుట్టింటికి రెండుసార్లు. పెద్దమనుషులు పంచాయితీ చేసి "సర్దుకుపోమ్మా" అని తిరిగి పంపారు. ఆ సీను వదలకండి, అందులో కూర్చున్న ప్రతివాడూ అనుమానితుడే.

తేదీల దగ్గర జాగ్రత్త. గృహహింస చట్టం 2005లో వచ్చినా, అమలైంది 2006 అక్టోబరు 26 నుంచి. అంతకుముందు కథలో ఆ చట్టం కింద పనిచేసే ప్రొటెక్షన్ ఆఫీసరు కనిపించకూడదు. భార్యను భర్తో అత్తింటివాళ్లో వేధించడం 2024 జూలై 1 నుంచి జరిగిందైతే పాత ఐపీసీ 498ఏ కాదు, భారతీయ న్యాయ సంహిత 85వ సెక్షన్. పెళ్లయిన ఏడేళ్లలోపు భార్య అసహజంగా చనిపోయి, అంతకు కాస్త ముందు కట్నం కోసం వేధించారని రుజువైతే, కోర్టు దాన్ని వరకట్న మరణంగానే భావిస్తుంది. అందుకే నా కథలో ఆమె చనిపోయాక అత్తింటివాళ్లు పెళ్లయి ఏడేళ్లు దాటిందంటారు. బీరువాలోని శుభలేఖ మాయమవుతుంది. నిజానికి ఆమె పోయిన నాటికి ఏడేళ్లకు ఇంకా పంతొమ్మిది రోజులుంది.

చివరి అధ్యాయంలో ఎస్సై కాదు, జేజి మాట్లాడాలి. నేనింకా అక్కడే ఉన్నాను. ఆమె మొదటి మాటను చాలాసార్లు కొట్టేసి రాశాను. ఇప్పటికి "నిద్రపోలా నాయనా" దగ్గర మొదలుపెట్టింది.