డిస్క్ గోల్ఫ్ నేర్చుకుందాం – 4వ భాగం: మీ రేటింగ్ ఎక్కడి నుంచి వస్తుంది?

డిస్క్ గోల్ఫ్ అంటే బంతికి బదులు డిస్క్‌ని బుట్టలోకి విసిరే గోల్ఫ్, ఎన్ని తక్కువ త్రోల్లో (విసుర్లలో) ముగిస్తే అంత మంచిది. ఇంతవరకూ డిస్క్ పట్టుకోవడం, విసరడం, స్కోర్‌కార్డ్ రాయడం చూశాం. ఈసారి లెక్కల పని: మీ ఆట ఏ స్థాయిదో చెప్పే అంకె, అంటే రేటింగ్, ఎలా వస్తుందో చూద్దాం. కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి. చదివి వదిలేస్తే ఇది ఎక్కదు, చేత్తో వేస్తేనే ఎక్కుతుంది.

విజయనగరం దగ్గర మామిడితోటలో మీరు 18 హోల్స్‌ని 61 త్రోల్లో ముగించారనుకోండి. అదే రోజు శ్రీకాకుళంలో ఉన్న మీ బావ కళింగపట్నం ఒడ్డున ఆడి, ఫోన్ చేసి "నాకూ 61 అయింది బావా, ఇద్దరం సమానమే" అన్నాడు. నిజంగా సమానమేనా? తోటలో కొమ్మలు అడ్డమొస్తాయి గానీ గాలి ఉండదు. ఒడ్డున అడ్డం ఏమీ లేదు, కానీ సముద్రం మీంచి వచ్చే ఎదురుగాలికి డిస్క్ ముక్కు కాస్త పైకి లేచిందంటే చాలు, ముందుకి పోవాల్సింది పైకి ఎగిరి మన వైపే వెనక్కి రావచ్చు. పార్‌తో, అంటే ఇన్ని త్రోల్లో ముగియాలన్న అంచనాతో, పోల్చుదామంటే అది కోర్స్ వేసినవాళ్లు పెట్టిన అంకె. ఆ రోజు గాలి ఎంత ఉందో దానికేం తెలుసు?

ఇక్కడే నాకు రేటింగ్ పద్ధతి మీద గౌరవం. ప్రొఫెషనల్ డిస్క్ గోల్ఫ్ అసోసియేషన్, అందరూ పిడిజిఎ అంటారు, 1976లో ఎడ్ హెడ్రిక్ పెట్టిన సంస్థ. 1998 నుంచి ఆటగాళ్లకి రేటింగులు ఇస్తోంది. కోర్స్ ఎంత కష్టమో టేపు పెట్టి కొలవరు, ఆ రోజు అక్కడ ఆడినవాళ్ల స్కోర్ల నుంచే రాబడతారు. ఇప్పటికే స్థిరమైన రేటింగ్ ఉన్న ఆటగాళ్లని ప్రాపగేటర్లు అంటారు, ఒక రౌండ్‌కి అలాంటివాళ్లు కనీసం 5 మంది కావాలి. వాళ్లే ఆ రోజుకి తూనికరాళ్లు. గాలి వీస్తే వాళ్ల స్కోర్లూ పెరుగుతాయి, కాబట్టి గాలిని వేరే లెక్కలోకి తీసుకోనక్కర్లేదు.

ఇప్పుడు వేద్దాం. తోటలో ఆడిన ఐదుగురి రేటింగులు 940, 910, 900, 880, 870. సగటు 900. వాళ్ల స్కోర్లు 58, 61, 60, 63, 63. సగటు 61. అంటే ఈ రోజు ఈ తోటలో 61 త్రోలు వేసినవాడు 900 స్థాయి ఆట ఆడినట్టు. 1000 రేటింగ్ ఉన్న ఆటగాడికి సగటున 50 త్రోల చుట్టూ అయ్యే, మన తోటలాంటి కోర్స్‌లో ఒక్కో త్రో విలువ దాదాపు 10 పాయింట్లు. 57 వేస్తే 940, 66 వేస్తే 850. అసలు లెక్క కంప్యూటర్ వేస్తుంది, ఇంకొంచెం సూక్ష్మంగా ఉంటుంది, కానీ దాని ప్రాణం ఇదే.

అదే ఐదుగురినీ కళింగపట్నం తీసుకెళ్లారనుకోండి, గాలికి వాళ్ల సగటు 67 అయింది. ఇప్పుడు 900 అంటే 67. మీ బావ 61 వేశాడు, ఆరు త్రోలు తక్కువ. ఇలా కష్టం పెరిగినప్పుడు త్రో విలువ కాస్త తగ్గుతుంది, 8 పైచిలుకు అనుకోండి. అతని రౌండ్ 950 చుట్టూ వస్తుంది, మీది 900. సమానం కాదు, ఆ రోజు బావే బాగా ఆడాడు.

చదరంగం రేటింగ్ తెలిసినవాళ్లు ఒకటి గమనించండి. అక్కడ ఎదుటివాణ్ణి గెలిస్తే పెరుగుతుంది, ఓడితే తగ్గుతుంది. ఇక్కడ గెలుపోటములు లెక్కలోకే రావు. టోర్నమెంట్‌లో చివర నిలిచినా మీ రేటింగ్ పెరగొచ్చు. కొత్తగా మొదలుపెట్టినవాళ్లకి ఇంతకంటే ధైర్యం ఇచ్చే పద్ధతి ఉందనుకోను.

ఇప్పటిదాకా చూసింది ఒక్క రౌండ్ రేటింగ్. ఆటగాడి రేటింగ్ అంటే గత 12 నెలల రౌండ్ల సగటు, అందులో చివరి పావు వంతు రౌండ్లని రెండేసిసార్లు లెక్కపెడతారు. మీవి 12 రౌండ్లు. మొదటి తొమ్మిదింటి సగటు 850, చివరి మూడింటి సగటు 880. తొమ్మిది ఎనిమిదివందల యాభైలు 7650, ఆరు ఎనిమిదివందల ఎనభైలు 5280, మొత్తం 12930, దాన్ని 15తో భాగిస్తే 862. మామూలు సగటైతే 857 దాటి కొంచెమే. ఈ మధ్య మీ ఆట మెరుగైంది, ఆ సంగతి నంబర్‌లో త్వరగా కనపడాలి కదా, అందుకే ఆ రెట్టింపు. జ్వరంతో ఆడి 740 వచ్చిన రౌండ్ లాంటిది ఒకటుంటే దిగులు పడకండి, మీ సగటుకి 100 పాయింట్లు మించి కింద ఉన్నదాన్ని, రౌండ్లు తగినన్ని ఉంటే, తీసేస్తారు. కొత్త రేటింగులు నెలకోసారి, రెండో మంగళవారం వస్తాయి.

పిడిజిఎ గుర్తింపు ఉన్న పోటీల్లో ఆడిన రౌండ్లకే అసలు రేటింగ్ దొరుకుతుంది. అయినా మన తోటలో ఆడే పదిమందికి ఒక నోటుబుక్కులో సొంత లెక్క పెట్టుకోవడం మంచి అభ్యాసం. మొదటి కొన్ని రౌండ్లు అయ్యాక గుంపు సగటుని 850 అనేసుకోండి, అక్కడి నుంచి పై లెక్కే. కానీ ఆ నంబర్ మీ గుంపులోనే చెల్లుతుంది. బయట రేటింగ్ ఉన్నవాళ్లు కొందరు మీతో వచ్చి ఆడేదాకా, మీ 850కి బయటివాళ్ల 850కి సంబంధం లేదు.

వచ్చే భాగానికి హోంవర్క్: ఐదుగురు ప్రాపగేటర్ల సగటు రేటింగ్ 880, సగటు స్కోర్ 64, త్రోకి 9 పాయింట్లు. మీరు 67 వేశారు. మీ రౌండ్ రేటింగ్ ఎంత? 853 వస్తే సరే. 907 వచ్చిందంటే తీసేయాల్సినచోట కలిపారన్నమాట. త్రోలు ఎక్కువైతే రేటింగ్ దిగాలి. ఇది వచ్చాక, 935, 900, 850 అనే హద్దులతో అమెచ్యూర్ విభాగాలు ఎలా చేస్తారో 5వ భాగంలో చూద్దాం.