అల్లరి తరగతిని బహుమతులతో దారికి తెచ్చుకోవడం ఎలా?

మధ్యాహ్న భోజనం తర్వాత అనంతపురం జిల్లాలోని ఏ ఉన్నత పాఠశాలలోనైనా ఆరో తరగతిని కుదురుగా కూర్చోబెట్టడం తేలిక కాదు. 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ దెబ్బలనే కాక మానసిక వేధింపును కూడా నిషేధించింది కనుక బెత్తం మాట మరచిపోవలసిందే. బహుమతుల పద్ధతి పనిచేస్తుంది గానీ, దానికి కొంత ముందుచూపు కావాలి.

మొదట రెండు మూడు రోజులు ఏమీ మార్చకుండా, అల్లరి ఎప్పుడు, ఏ పని జరుగుతుండగా మొదలవుతున్నదో రాసుకోండి. నోట్సు ముందుగా ముగించినవారే మాట్లాడుతున్నారని తేలితే, వారికి కావలసింది బహుమతి కాదు, మరో లెక్క.

తర్వాత మూడుకు మించకుండా నియమాలు పెట్టండి. "బుద్ధిగా ఉండాలి" అంటే పిల్లలకు ఏమీ తెలియదు. "మాట్లాడాలంటే చెయ్యెత్తాలి" అంటే తెలుస్తుంది.

ఇక తరగతిని జట్లుగా చేసి పెన్నా, చిత్రావతి, హగరి అని నదుల పేర్లు పెట్టండి. 1969లో అమెరికాలో బారిష్, సాండర్స్, వుల్ఫ్ అనే పరిశోధకులు ప్రకటించిన రెండు జట్ల ఆటలో తప్పు చేసిన జట్టుకు బోర్డు మీద గీత పడేది, గీతలు తక్కువగా ఉంటే రెండు జట్లూ గెలవవచ్చు. మన తరగతులకు దాన్ని తిరగవేసి, మంచి పనికే గీత వేయడం మేలని నా అభిప్రాయం. గీత అప్పటికప్పుడే, కారణం చెప్పి వేయాలి: "పెన్నా వాళ్లు చప్పుడు లేకుండా పుస్తకాలు తీసినారు, ఒక గీత." ఒకసారి వేసిన గీతను కోపం వచ్చినా చెరపకూడదు, ఎందుకంటే సంపాదించినది పోతుందని తెలిసిన పిల్లలు మళ్లీ ప్రయత్నించరు. నిర్ణయించిన గీతలు దాటిన ప్రతి జట్టూ గెలిచినట్టే. వలస వెళ్లి తిరిగి వచ్చిన పిల్లలు వెనకబడకుండా ప్రతి సోమవారం లెక్క కొత్తగా మొదలుపెట్టండి.

బహుమతికి డబ్బు ఖర్చు అవసరం లేదు. చిక్కీ ఎలాగూ మధ్యాహ్న భోజన పథకంలో వస్తుంది. పది నిమిషాల ఖోఖో, బడి గంట కొట్టే అవకాశం పిల్లలకు అంతకంటే ఎక్కువ. కావాలని జట్టును ఓడించే పిల్లవాడు ఉంటే, అందరి ముందూ నిలదీయకుండా అతనికి విడిగా ఒక కార్డు ఇచ్చి, తన గీతలు తానే వేసుకోమనండి.

ఇష్టంగా చేస్తున్న పనికి మాత్రం బహుమతి ఆశ చూపవద్దు. బొమ్మలు వేయడం ఇష్టపడే చిన్నపిల్లలకు ముందే బహుమతి చెప్పి వేయిస్తే, తర్వాత ఖాళీ సమయంలో వారు బొమ్మల జోలికి వెళ్లడం తగ్గిందని లెపర్, గ్రీన్, నిస్బెట్ అనే పరిశోధకులు 1973లో చూపించారు. తరగతి కుదుటపడ్డాక రోజువారీ బహుమతిని వారానికి, ఆపై చెప్పకుండా ఎప్పుడో ఒకసారికి మార్చండి. అల్లరి మళ్లీ పెరిగితే ఒక మెట్టు వెనక్కి వచ్చి కొన్నాళ్లు అక్కడే ఉండండి.