పాత పటం వయసు కట్టడం – 3వ పాఠం: వెనక వైపు

పోయిన రెండు పాఠాల్లో పటాన్ని ముందు నుంచి చూశాం: కలప, అంచు నగిషీ, మూలల కోత. మూల విడిస్తే పటం పాతదన్నట్టేనా అన్న అనుమానం కొందరికి మిగిలిపోయింది. కాదు. కలప అడ్డంగా కుంచించుకుంటుంది, నిలువుగా దాదాపు కుంచించుకోదు. అందుకే మూల లోపలి వైపు సందు పడుతుంది. పచ్చి చెక్కతో కట్టిన పటానికి రెండు వేసవులు చాలు ఆ సందు రావడానికి. దాన్ని పక్కన పెట్టి ముందుకు వెళ్దాం.

ఈసారి పటాన్ని బోర్లా వేస్తాం. ముందు వైపుకి పండగ పండక్కీ తుడుపులు, ఎవరో ఒకరు వేసే వార్నిష్ పూతలు తప్పవు. వెనక వైపు జోలికి ఎవరూ పోరు. పాత దుప్పటి పరిచి పటాన్ని దాని మీద బోర్లించండి. గుడ్డ పెట్టి తుడవొద్దు, మేకు పీకొద్దు. ముందు ఫోన్‌తో ఫొటోలు తీయండి. టార్చిని పైనుంచి వేయకుండా పక్కనుంచి, చెక్కకి ఆనించినట్టు పట్టుకోండి. మామూలు వెలుగులో కనపడని మేకు గుంటలు, రంపం గీతలు నీడలతో పైకి తేలతాయి.

ఇక్కడి నుంచి గుర్తుంచుకోవాల్సింది ఒకటే. వెనక ఉన్న ప్రతి వస్తువూ "నేను ఫలానా ఏడాదికి ముందు లేను" అని మాత్రమే చెబుతుంది. అది పటంతో పాటే వచ్చిందా, తర్వాత రిపేరులో వచ్చిందా అన్నది మీరు తేల్చుకోవాలి.

ముందు అట్ట సంగతి. ఒక వైపు నున్నగా, రెండో వైపు వల అచ్చు గుద్దినట్టు గరుగ్గా ఉంటే అది హార్డ్‌బోర్డ్. అమెరికాలో విలియం మేసన్ 1924లో కనిపెట్టిన సరుకు, కాబట్టి ఆ అట్ట అంతకు ముందుది కాదు. అట్ట బదులు సన్నటి పెట్టె చెక్కలు ఉంటే పాతదయ్యే అవకాశం ఎక్కువ, అంతకు మించి చెప్పలేం. స్క్రూ తల మీద ప్లస్ గాడి ఉంటే అది 1930ల తర్వాతి రకం. కమ్మరి కొట్టిన నలుపలకల మేకు కనబడగానే సంబరపడకండి, మిషన్ మీద చేసే గుండ్రటి తీగ మేకులు చౌకగా వచ్చాక కూడా కమ్మరి మేకులు ఆగిపోలేదు. అద్దానికి నేను పెద్ద విలువ ఇవ్వను, పటంలో ముందు పగిలేదీ మార్చేదీ అదే. ట్యూబ్‌లైటు నీడ అద్దంలో వంకర్లు పోతే పాత రకం అనుకోవచ్చు. ఏ వంకరా లేని ఫ్లోట్ గ్లాసు పద్ధతిని ఇంగ్లండులో పిల్కింగ్టన్ కంపెనీ 1959లో బయటపెట్టింది.

అసలు గని కాగితాలు. దుమ్ము పట్టకుండా అట్ట మీద మైదా జిగురుతో అంటించిన పేపరు ముక్క, పటాలు కట్టే షాపు చీటీ, వీటిని భూతద్దం పెట్టి చదవండి. ధర "1-4-0" అని రూపాయలు, అణాలు, పైలుగా (పై అంటే అణాలో పన్నెండో వంతు) ఉంటే అది 1957 ఏప్రిల్ 1కి ముందటి లెక్క. "నయా పైసలు" అని ఉంటే 1957–64 మధ్యది. చీటీ మీద ఆరంకెల పిన్ కోడ్ ఉంటే 1972 ఆగస్టు 15కి తర్వాతది. పేపరు పేరు దొరికితే ఇంకా మంచిది: ఆంధ్రపత్రిక దినపత్రిక 1914లో, ఆంధ్రప్రభ 1938లో, ఈనాడు 1974లో మొదలయ్యాయి.

ఇప్పుడు ఒక లెక్క చేద్దాం. టేకు చట్రంలో లక్ష్మీదేవి బొమ్మ, అడుగున రవివర్మ ప్రెస్, కార్లా–లోనావ్లా అని అచ్చు. ఆ ప్రెస్సు 1894లో బొంబాయిలో మొదలై 1899లో లోనావ్లా దగ్గరి మలవ్లీకి మారింది. అంటే బొమ్మ 1899కి ముందుది కాదు. దీన్ని నూట యాభై ఏళ్ళ పటమని అమ్మజూపేవాళ్ళకి ఈ ఒక్క లైను చూపించండి, చాలు.

వెనక పెట్టె చెక్కలు, వాటి మీద ఆంధ్రపత్రిక దినపత్రిక కాగితం, అందులో "1-4-0" ధర. అంటే 1914–57 మధ్య అచ్చయిన కాగితం. పటం వయసు కూడా అదేనా? మేకులు చూడండి. టార్చి పక్కగా వేస్తే కాగితం కింద వరసగా చిన్న చిన్న పల్లాలు కనిపిస్తాయి. అవి ఖాళీ మేకు గుంటలు. వాటి మీద కాగితం చిల్లి పడకుండా సాఫీగా ఉంది. ఇప్పుడున్న మేకులు వాటికి అంగుళం పక్కన, కాగితాన్ని పొడుచుకుని దిగాయి. పొడిచిన చోట తుప్పు మరక గుండ్రంగా కాగితంలోకి పాకింది.

కథ తెలిసిపోయింది. పటాన్ని మొదట ఒకసారి కట్టారు. తర్వాత ఎవరో విప్పారు, బహుశా అద్దం పగిలి. చెక్కలకి కాగితం అంటించి కొత్త చోట మేకులు కొట్టారు. కాబట్టి కాగితం చెప్పే కాలం రిపేరుది, మొదటి కట్టు అంతకన్నా పాతది. పాత పేపర్లు మన ఇళ్ళల్లో దశాబ్దాల తరబడి నిలవుండవు, పొట్లాలకి పోతాయి. అందుకని రిపేరు 1960 దాటదని నా అంచనా. నోటుబుక్కులో ఇలా రాస్తాను: బొమ్మ 1899 తర్వాత, మొదటి కట్టు 1899కీ రిపేరుకీ మధ్య, రిపేరు 1914 తర్వాత, దాదాపు 1960 లోపు. ఒకే ఏడాది రాయాలని తాపత్రయపడకండి.

చట్రం ఈ బొమ్మ కోసమే చేసిందా అన్నది ఇంకా మిగిలింది. బొమ్మ కాస్త జారి ఉంటే, చట్రం లోపల అద్దం, బొమ్మ కూర్చునే గాడి కింద దాగిన అంచు బయటపడుతుంది. ఎండ తగలని ఆ పట్టీలో రంగు ముదురుగా ఉంటుంది. పట్టీ వెడల్పు గాడి లోతుతో సరిపోతే రెండూ ఎప్పటినుంచో జంటే. సరిపోకపోతే బొమ్మ వేరే చట్రంలోంచి వచ్చి ఉండొచ్చు.

ఇంటిపని: మీ ఇంట్లోనో, అమ్మమ్మగారింట్లోనో ఒక పటాన్ని బోర్లించి, మేకులెన్ని, ఖాళీ గుంటలెన్ని, కాగితం వేటి మీద ఉంది, వేటి కింద ఉంది అని బొమ్మ గీసుకోండి. దేవుడి గదిలోదైతే పెద్దవాళ్ళని అడిగి దించండి.

వచ్చే పాఠం పాలిష్ గురించి. లక్క పాలిష్ స్పిరిట్‌కి కరుగుతుంది, ఆ గుణంతోనే దాన్ని పట్టుకుంటాం. దూది, స్పిరిట్ తెచ్చి పెట్టుకోండి. ఎక్కడ అద్దాలో నేను చెప్పేదాకా సీసా మూత మాత్రం తీయకండి.