పబ్ బ్యాండ్‌లో బేస్ వాయించాలంటే: ఒక్క నడకలో మోయగలిగినంత సరంజామా

ఇంగ్లండ్‌లోని మామూలు పబ్‌లో బ్యాండ్ కోసం వేదిక ఉండడం అరుదు. శనివారం సాయంత్రం ఏడున్నరకు వెళ్తే, డార్ట్స్ బోర్డు కింద ఉన్న రెండు బల్లలను పక్కకు జరిపి, మీ చోటు ఇదేనని చూపిస్తారు. ఆ మూలలోనే డ్రమ్స్, ఇద్దరు గిటారిస్టులు, గాయని, గొంతును జనానికి వినిపించే రెండు పీఏ స్పీకర్లు ఇరుక్కోవాలి. అన్నీ సర్దగా మిగిలిన అడుగున్నర జాగా బేస్ గిటార్ వాయించేవారిది. వెనక మరుగుదొడ్డి తలుపు ఉంటే పాట మధ్యలో గిటార్ మెడను పైకెత్తి జనానికి దారి ఇస్తూ వాయించాలి. యార్క్‌షైర్‌లో ఉద్యోగం చేసుకుంటూ వారాంతాల్లో ఇలాంటి మూలల్లో నిలబడడం మొదలుపెట్టాక, ఇంట్లో హెడ్‌ఫోన్లు పెట్టుకుని సాధన చేసినదానిలో చాలా భాగం ఇక్కడ అక్కరకు రాదని నాకు తెలిసివచ్చింది. వేళ్లు కొంత తిరిగి, ఇలాంటి బ్యాండ్‌లో చేరాలనుకుంటున్న తెలుగువారి కోసం ఈ వ్యాసం రాస్తున్నాను. సరంజామా విషయంలో నా కొలబద్ద ఒక్కటే: కారు నుంచి ఆ మూలకు ఒక్క మనిషి ఒక్క నడకలో చేర్చలేనిది పబ్‌కు పనికిరాదు.

వాద్యం

నాలుగు తీగల బేస్ సరిపోతుంది. లియో ఫెండర్ 1951లో తెచ్చిన ప్రెసిషన్ బేస్, 1960లో వచ్చిన జాజ్ బేస్, ఈ రెండింటి నమూనాలోనే నేటికీ ఎక్కువ వాద్యాలు తయారవుతున్నాయి. రెండింటిలోనూ తీగ మోగే నిడివి 34 అంగుళాలు. పబ్‌కు ఏది మేలని అడిగితే నేను ప్రెసిషన్ తరహాకే ఓటు వేస్తాను. దానికి ఒకే పికప్ (తీగ కదలికను కరెంటు సంకేతంగా మార్చే భాగం), ఒక వాల్యూమ్, ఒక టోన్ మాత్రమే ఉంటాయి కాబట్టి చీకటి మూలలో పొరపాటుగా తిప్పడానికి ఏమీ ఉండదు. పైగా 1957 నుంచి దాని పికప్‌ను రెండు ముక్కలుగా, హమ్ అనే కరెంటు రొద రద్దయ్యేలా చుడుతున్నారు గనుక ఫ్రిజ్‌లు, ఫ్రూట్ మెషీన్లు (నాణేలు వేసి ఆడే జూదపు యంత్రాలు), నియాన్ బోర్డుల పక్కన కూడా అది ప్రశాంతంగా ఉంటుంది. జాజ్ బేస్‌లోని రెండు పికప్‌లలో ఒకదాని వాల్యూమ్ తగ్గించిన క్షణంలో మొదలయ్యే గుయ్‌మనే రొదను పబ్‌లో విన్నవారికి ఈ మాట విలువ తెలుస్తుంది.

లోపల ప్రీయాంప్ (సంకేతాన్ని ముందుగా పెంచే చిన్న సర్క్యూట్) ఉన్న యాక్టివ్ బేస్‌లు బాగానే ఉంటాయి, కానీ వాటికి 9 వోల్టుల బ్యాటరీ కావాలి, ఆ బ్యాటరీకి వేరే స్విచ్ ఉండదు. సాధారణంగా జాక్ (వైరు చివరి ప్లగ్గు) గుచ్చితే చాలు, కరెంటు ఖర్చవుతూనే ఉంటుంది. ఒకసారి నేను సాయంత్రం సౌండ్ చెక్ అయ్యాక జాక్ తీయకుండా భోజనానికి వెళ్లాను. అప్పటికే సగం అరిగిన బ్యాటరీ రెండో సెట్ నడుమ చచ్చింది. మొదట శబ్దం గరగరలాడింది, తరువాత పగిలిన రేడియోలా మారింది, మూడో పాటకు పూర్తిగా పోయింది. బ్యాటరీ అర వెనక చిన్న స్క్రూలు ఉన్నాయన్న సంగతి, స్క్రూడ్రైవర్ ఇంట్లో ఉందన్న సంగతి ఒకేసారి గుర్తుకొచ్చాయి. ఆ రాత్రి నుంచి వాయించని ప్రతి నిమిషం నా జాక్ బయటే ఉంటోంది.

తీగల విషయంలో 45 నుంచి 105 (అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన) మందం గల మామూలు సెట్ చాలు. నున్నటి ఫ్లాట్‌వౌండ్ తీగలు వేస్తే పాత సోల్ పాటలకు, అమెరికాలోని మోటౌన్ రికార్డు సంస్థ పాటలకు ఒదిగిపోతాయి. ఆ మోటౌన్ పాటల్లో ఎన్నింటికో బేస్ వాయించిన జేమ్స్ జేమర్‌సన్ ప్రెసిషన్ బేస్ మీద ఫ్లాట్‌వౌండ్లు వేసుకుని, ఒక్క చూపుడు వేలితోనే మీటేవాడు. అయితే రాక్ పాటలు ఎక్కువగా ఉండే బ్యాండ్‌లో గరుకు తీగలే గిటార్ల మధ్య వినిపిస్తాయి. చలికాలంలో కారు డిక్కీలో గంటసేపు ఉన్న బేస్‌ను లోపలికి తెచ్చిన వెంటనే శ్రుతి చేయవద్దు. యాంప్, వైర్లు సర్దే ఇరవై నిమిషాలు దాన్ని గది వేడికి వదిలేసి, ఆఖరున శ్రుతి చేస్తే నిలుస్తుంది.

యాంప్, స్పీకరు

ఎక్కువ డబ్బు వృథా అయ్యేది ఇక్కడే కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. 1969లో ఆంపెగ్ సంస్థ తెచ్చిన ఎస్‌వీటీ 300 వాట్ల వాల్వు (గాజు గొట్టాలతో పనిచేసే) యాంప్; దాని కింద పది అంగుళాల స్పీకర్లు ఎనిమిది ఉండే పెట్టె. ఫొటోల్లో అది చూసి ముచ్చటపడని బేసిస్టు ఉండడు, కానీ ఆ పెట్టె ఒక్కటే అరవై కిలోలకు పైమాట. నేడు క్లాస్ డీ యాంప్‌లు రెండు మూడు కిలోల బరువులో 500 వాట్లు ఇస్తున్నాయి, నియోడైమియం అయస్కాంతంతో చేసిన పన్నెండు అంగుళాల స్పీకరు పెట్టె పదిహేను కిలోల లోపే ఉంటోంది. భుజాన బేస్ సంచి, ఒక చేతిలో స్పీకరు పెట్టె, మరో చేతిలో యాంప్, వైర్లు ఉన్న సంచి: ఒక్క నడక.

పెట్టె వెనక రాసి ఉన్న ఓమ్‌ల (కరెంటుకు స్పీకరు చూపే అడ్డు) సంఖ్యను చదవడం తప్పనిసరి. ఎనిమిది ఓమ్‌ల పెట్టెలు రెండింటిని మామూలు పద్ధతిలో, అంటే సమాంతరంగా కలిపితే యాంప్‌కు నాలుగు ఓమ్‌లు కనిపిస్తాయి. ఎక్కువ యాంప్‌లు అంతవరకు భరిస్తాయి. నాలుగు ఓమ్‌ల పెట్టెలు రెండు కలిపితే రెండు ఓమ్‌లు అవుతాయి, దాన్ని తట్టుకుంటుందని యాంప్ మీదే రాసి ఉంటే తప్ప ఆ సాహసం చేయకూడదు. కాబట్టి మొదటి పెట్టె ఎనిమిది ఓమ్‌లది కొంటే, పెద్ద గది దొరికిన రోజున అలాంటిదే ఇంకొకటి కలుపుకోవచ్చు. వాట్లు రెట్టింపైతే శబ్దం పెరిగేది మూడు డెసిబెల్స్ మాత్రమే గనుక, 500 వాట్ల యాంప్‌ను అమ్మి 1000 వాట్లది కొనడం కంటే రెండో స్పీకరు పెట్టె తెచ్చుకోవడమే తెలివైన పని.

యాంప్ నుంచి స్పీకరుకు వెళ్లే వైరు, గిటార్ నుంచి యాంప్‌కు వచ్చే వైరు చూపుకు ఒకేలా ఉన్నా ఒకటి కావు. గిటార్ వైరులోని సన్నటి తీగ స్పీకరు కరెంటును మోయలేదు. వేడెక్కి, కరిగి, షార్టయి, యాంప్‌ను కూడా తీసుకుపోతుంది. తిప్పి బిగించే స్పీకాన్ ప్లగ్గు ఉన్న వైరు వాడితే ఈ తికమకే ఉండదు. వాల్వు యాంప్ వాడేవారు మరో జాగ్రత్త పాటించాలి: స్పీకరు తగిలించకుండా దాన్ని ఆన్ చేసి వాయిస్తే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయే ప్రమాదం ఉంది.

పెడళ్ల (కాలితో తొక్కి శబ్దాన్ని మార్చే చిన్న పెట్టెల) పలక నిండా పెడళ్లు అక్కర్లేదు. శ్రుతి చూపే ట్యూనర్ పెడల్ మాత్రం తప్పనిసరి, ఎందుకంటే తొక్కగానే శబ్దం ఆగిపోతుంది. గాయని మాట్లాడుతున్నప్పుడు మీరు శ్రుతి చేసుకుంటున్నట్టు ఎవరికీ తెలియదు. రెండోది కొనదలిస్తే శబ్దపు హెచ్చుతగ్గులను సమం చేసే కంప్రెసర్, లేదా 40 హెర్ట్‌జ్ కింది మూలుగును కోసే హై పాస్ ఫిల్టర్ కొనండి. వీటితో పాటు ఒక అదనపు గిటార్ వైరు, ఒక తీగల సెట్, బ్యాటరీ, స్క్రూడ్రైవర్, అలెన్ కీలు (ఆరు పలకల బిగింపు కడ్డీలు), చిన్న టార్చి, గాఫర్ టేప్ (వైర్లను నేలకు అంటించే గుడ్డ టేపు) ఒకే సంచిలో శాశ్వతంగా ఉండాలి. ఇంట్లో అవసరమైనా ఆ సంచిలోంచి ఏదీ తీయకూడదు.

కరెంటు

చాలా పబ్ మూలల్లో ఒక జంట గోడ సాకెట్టే ఉంటుంది, ఆ రెండింటిలో ఒకటి ఫ్రూట్ మెషీన్‌ది. బ్యాండ్ మొత్తం ఒకే చోటి నుంచి కరెంటు తీసుకుంటే హమ్ సమస్య చాలావరకు తగ్గుతుంది. అయినా 50 హెర్ట్‌జ్ గుయ్‌మనే శబ్దం వస్తుంటే, యాంప్ నుంచి మిక్సర్‌కు వెళ్లే డీఐ (సంకేతాన్ని నేరుగా మిక్సర్‌కు అందించే అవుట్‌పుట్) దగ్గర గ్రౌండ్ లిఫ్ట్ అనే మీట ఉంటుంది, దాన్ని నొక్కాలి. అంతే తప్ప ప్లగ్గులోని ఎర్త్ తీగను తెంపడం అనే పాత చిట్కాను ఎవరు చెప్పినా వినకూడదు. 1972 మే 3న వేల్స్‌లోని స్వాన్సీలో స్టోన్ ద క్రోస్ బ్యాండ్ గిటారిస్టు లెస్ హార్వే, ఎర్త్ సరిగా లేని మైకును తాకి, జనం చూస్తుండగానే విద్యుదాఘాతంతో మరణించాడు. మీ గిటార్ తీగలకూ గాయని మైకుకూ మధ్య ఉన్న దూరం రెండడుగులే. ఆర్‌సీడీ (కరెంటు లీకైన వెంటనే ఆపేసే పరికరం) ఉన్న ప్లగ్గు ఒకటి కొని, దానిలోంచే కరెంటు తీసుకోండి.

పరికరాలకు ప్యాట్ (విద్యుత్ భద్రత) పరీక్ష స్టిక్కర్లు, పది మిలియన్ల పౌండ్ల పబ్లిక్ లయబిలిటీ (బయటివారికి జరిగే నష్టానికి) బీమా ఉన్నాయా అని కొన్ని పబ్‌లు అడుగుతాయి. ఆ బీమా మ్యుజీషియన్స్ యూనియన్ సభ్యత్వంతో వస్తుంది. అమెరికా నుంచి యాంప్ తెచ్చుకున్నవారు దాని వెనక 120 వోల్టులని మాత్రమే రాసి ఉంటే గోడకు తగిలించకూడదు. ఇక్కడ కొన్నదాన్ని హైదరాబాద్‌కో విజయవాడకో తీసుకువెళ్తే ప్లగ్గు మార్చుకుంటే సరి, వోల్టేజీ అదే.

గదిలో శబ్దం

ఇంట్లో ఒంటరిగా వాయించేటప్పుడు మంద్రాన్నీ కీచునూ పెంచి, మధ్యభాగాన్ని తగ్గిస్తే బేస్ విందుగా ఉంటుంది. అదే అమరిక పబ్‌లో పెడితే మొదటి పాటలోనే మాయమవుతుంది: కింది భాగాన్ని కిక్ డ్రమ్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్), పై భాగాన్ని డ్రమ్స్‌లోని తాళాలు (సింబల్స్) మింగేస్తాయి, మిగిలేది గోడల ఊగిసలాట. బేస్ స్వరం జనానికి స్పష్టంగా అందేది సుమారు 250 నుంచి 800 హెర్ట్‌జ్ మధ్య. కాబట్టి ఈక్యూ (మంద్రం, మధ్యభాగం, కీచు సర్దే) మీటలన్నీ నడిమికి తెచ్చి మొదలుపెట్టి, వినిపించకపోతే వాల్యూమ్ కాదు, మిడ్ పెంచండి. ఒంటరిగా వింటే ముక్కుతో పాడినట్టున్నా, డ్రమ్మర్ మొదలుపెట్టగానే అదే సరైన శబ్దం అవుతుంది.

యాంప్‌ను గది మూలకు ఆనిస్తే గోడలూ నేలా కలిసి మంద్రాన్ని ఉబ్బిస్తాయి. ఒక్క అడుగు ముందుకు జరపండి. స్పీకరు పెట్టెను నేల మీద పెడితే మీ మోకాళ్లకు బాగా వినిపిస్తుంది, మీ చెవులకు కాదు. అందుకే చాలామంది తమకు వినపడక వాల్యూమ్ పెంచేస్తారు, ఎదురుగా కూర్చున్నవారు బల్లలు వదిలి లేచిపోతారు. కుర్చీ మీదో, బీరు సీసాల ఖాళీ క్రేటు మీదో పెట్టి కాస్త వెనక్కి వంచితే ఈ తంటా తప్పుతుంది. చిన్న పబ్‌లలో పీఏ గొంతులకే సరిపోతుంది గనుక బేస్ మీ యాంప్ నుంచే గది అంతా నిండాలి. పొడవైన వైరుతో బారు దాకా నడిచి ఒక్కసారి స్వయంగా వినిరండి.

కొన్ని పబ్‌లలో గోడకు సౌండ్ లిమిటర్ (శబ్దం హద్దు దాటకుండా చూసే పరికరం) ఉంటుంది. ఎర్ర దీపం కొన్ని సెకన్లు వెలిగితే వేదిక సాకెట్ల కరెంటు పోతుంది. అలాంటి చోట డ్రమ్మర్‌తో ముందే మాట్లాడుకోవడం తప్ప మార్గం లేదు. ఇక చెవులు: సంగీతకారుల కోసం చేసిన ఇయర్ ప్లగ్గులు మొదటి గిగ్ (కచేరీ) నుంచే పెట్టుకోండి, తాళాలు మీ చెవికి ఒక్క మూరెడు దూరంలోనే ఉంటాయి.

వాయించే తీరు

పబ్ బేస్‌లో పెద్ద విద్య స్వరాన్ని ఆపడం. చిన్న ప్రయోగం చేయండి. మూడో తీగను, అంటే A తీగను ఖాళీగా మీటండి; తరువాత అన్నిటికంటే దళసరి అయిన E తీగ మీద ఐదో ఫ్రెట్ (మెడ మీది అడ్డగీత) దగ్గర నొక్కి మీటండి. రెండూ 55 హెర్ట్‌జ్ స్వరమే, కానీ రెండోది గుండ్రంగా ఉంటుంది, పైగా ఎడమ వేలిని ఫ్రెట్ నుంచి వెంట్రుకవాసి ఎత్తగానే ఆగిపోతుంది. ఇప్పుడు డ్రమ్మర్ కిక్‌తో స్వరం మొదలుపెట్టి, స్నేర్ (పదునుగా మోగే చిన్న డ్రమ్) దెబ్బ పడే క్షణంలో ఆపండి. ఆ చిన్న ఖాళీలోనే స్నేర్ పగులుతుంది, జనం కాలు కదులుతుంది. ఇళయరాజా పాటల్లో బేస్‌ను వింటూ పెరిగిన మన చెవికి అల్లికల మీద మోజు ఉండడం సహజమే. ఆ మోజును పల్లవికి పల్లవికి మధ్య ఒకటి రెండు చోట్ల తీర్చుకుని, మిగతా అంతా మూల స్వరం మీద నిలబడడం మేలు.

గిటారిస్టు వేళ్లు చూసి కార్డ్ (కలిపి మోగే స్వరాల గుంపు) పట్టుకునే అలవాటున్నవారు అతని గిటార్ మెడ మీద కేపో (తీగలన్నిటినీ నొక్కి శ్రుతి పెంచే బిగింపు) ఉందేమో ముందు చూడాలి. రెండో ఫ్రెట్ మీద కేపో పెట్టి G ఆకారం పట్టుకుంటే మోగేది A. గాయని గొంతు బాగాలేదని అప్పటికప్పుడు పాటను అరమెట్టు దించడం కూడా మామూలే, అందుకే ఖాళీ తీగల మీద ఆధారపడకుండా ప్రతి పాటనూ నొక్కుడు స్వరాలతో సాధన చేసుకోండి.

సాధారణంగా నలభై ఐదు నిమిషాల సెట్‌లు రెండు, ఒక్కోదానిలో పన్నెండు పాటల వరకు ఉంటాయి. వేరే బ్యాండ్‌లో ఎవరికో బదులుగా, అంటే ఇక్కడి మాటలో డెప్‌గా వెళ్లే రోజున పాతిక పాటలు వారంలో నేర్వాల్సి వస్తుంది. అప్పుడు స్వరాలన్నీ రాసుకోకుండా ఒక్కో పాటకు శ్రుతి, ఎలా మొదలవుతుంది, ఎక్కడ ఆగుతుంది, ఎలా ముగుస్తుంది అనే నాలుగు సంగతులే అరచేతి అంత కాగితం మీద రాసుకుంటాను. పాట మధ్యలో తప్పుతే ఎవరూ గమనించరు, అందరూ ఆగిన చోట ఒక్కరు మోగితే బారు వెనకాయన కూడా తలెత్తుతాడు.

2012 నాటి లైవ్ మ్యూజిక్ చట్టం ఇచ్చిన వెసులుబాటు రాత్రి పదకొండు వరకే కాబట్టి చివరి పాట సాధారణంగా ఆ లోపే ముగుస్తుంది. అప్పుడు ముందు వాల్యూమ్ సున్నా చేసి, యాంప్ ఆపి, ఆ తరువాతే జాక్ తీయండి. వైర్లను మోచేతికి చుట్టకుండా వదులుగా వలయాలు వేసి, వచ్చినన్ని ఉన్నాయో లేదో లెక్కపెట్టుకోండి. బల్లలు మళ్లీ డార్ట్స్ బోర్డు కిందికి చేరే లోపే టార్చితో నేలంతా ఒకసారి చూడండి. ట్యూనర్ పెడల్‌కు కరెంటు ఇచ్చే చిన్న అడాప్టరు ఎప్పుడూ ఫ్రూట్ మెషీన్ వెనకాలే ఉండిపోతుంది.