బార్బెల్ కోసం బెండు రాడ్: కొనే ముందు నడుము వంచి చూడండి

ఇంగ్లండ్‌లో వూస్టర్‌కి వచ్చాక నాకు రెండు నదులు దగ్గరయ్యాయి. పెద్దది సెవెర్న్. చిన్నది టీమ్, ఊరు దాటాక పోవిక్ దగ్గర వచ్చి సెవెర్న్‌లో కలుస్తుంది. రెండింట్లోనూ బార్బెల్ ఉంది. నాలుగు మీసాలు, చదునైన పొట్ట, రాళ్ల మధ్య అడుగునే మేసే చేప. మా కోనసీమ కాలవల్లో నాన్న వెదురు గడతో పట్టిన పరిగెలదీ ఇదే కుటుంబం. కానీ పరిగె అరచేతిలో ఇముడుతుంది. బార్బెల్ రెండు మూడు కిలోలు ఉండి, ప్రవాహాన్ని ఆసరా చేసుకుని లాగుతుంది. సెవెర్న్‌లోకి దీన్ని 1956లో కెనెట్ నది నుంచి తెచ్చి వదిలారు. ఆ గులకరాళ్ల అడుగు, ఆ వేగం దానికి బాగా నచ్చాయి.

చాలామంది బార్బెల్‌ని సీసం బరువుతో ఎరను అడుగున పడేసి పడతారు. నాకు బెండు ఇష్టం. ఎర్రటి బెండు కొన ప్రవాహంతో పాటు పోతూ పోతూ ఒక్కసారిగా మునిగిపోవడం చూశాక ఇంకో పద్ధతి మీద మనసు పోలేదు. అయితే దీనికి తగిన రాడ్ ఎంచుకోవడంలో మొదట తప్పు చేశాను. ఆ తప్పుకి చేప బాధపడింది.

నేను మొదట కొన్నది 13 అడుగుల రాడ్. సన్నటి కొన, చాలా తేలిక. కొట్టులో 'ఫ్లోట్ రాడ్ అంటే ఇదే' అన్నారు. నిజానికి అది చిన్న చేపల కోసం, రెండు పౌండ్ల బలం ఉన్న సన్న దారం కోసం చేసినది. సెవెర్న్ ఒడ్డున ఉన్న బ్యూడ్లీ ఊరి దగ్గర మొదటి బార్బెల్ పడగానే రాడ్ పిడి దాకా వంగిపోయింది. ఇక అందులో ఇవ్వడానికేమీ మిగల్లేదు. పావుగంట లాగాక దారం తెగింది. చేప నోట్లో గాలంతోనే వెళ్లిపోయింది. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు.

అందుకే నేను ముందు చెప్పేది పొడవు గురించి కాదు, రాడ్ నడుము గురించి, అంటే కొనకీ పిడికీ మధ్య భాగం గురించి. కొన మెత్తగా ఉండాలి, లేకపోతే బెండు మునిగిన క్షణంలో మనం ఎత్తే ఊపుకే దారం తెగుతుంది. కొన నుంచి కిందికి వచ్చేకొద్దీ బలం పెరుగుతూ పోవాలి. చేప అడుగుకి దూకినప్పుడు ఆ దూకుడిని నడుము మింగాలి, వెంటనే చేపని పైకి తేవాలి. ఇది చూడాలంటే కొట్టులోనే రీల్ బిగించి, రింగుల్లోంచి దారం తీసి, ఇంకొకరిని చివర పట్టుకుని నెమ్మదిగా లాగమనండి. పిడి పైనున్న భాగంలో ఇంకా కొంచెం బిగువు మిగిలి ఉంటే అది బార్బెల్‌కి పనికొస్తుంది. మొత్తం కొడవలిలా వంగి ఊరుకుంటే వద్దు. లాగి చూడనివ్వని కొట్టులో కొనకండి.

రాడ్ మీద 'టెస్ట్ కర్వ్' అని ఒక అంకె ఉంటే చూడండి. కొనని పిడికి లంబంగా వంచడానికి ఎంత బరువు కావాలో అది చెబుతుంది. బెండుతో బార్బెల్ పట్టడానికి 1 నుంచి 1.25 పౌండ్లు సరిపోతుంది. ఆ అంకెని 5తో గుణిస్తే ఆ రాడ్‌కి నప్పే దారం బలం సుమారుగా వస్తుంది. అంటే 1.25కి ఆరు పౌండ్ల పైచిలుకు. నేను ఆరు పౌండ్ల దారం వాడతాను, చెట్ల వేళ్లు, కొమ్మలు ఉన్నచోట ఎనిమిది. సీసం బరువుతో పట్టేవాళ్లు వాడే 1.75 పౌండ్ల రాడ్‌తో బెండు వేస్తే చేయి బరువెక్కుతుంది, దగ్గర్లో చేప గింజుకుంటే గాలం ఊడివస్తుంది.

ఇక పొడవు. ఇది పూర్తిగా నదిని బట్టే. బెండు ముందుకు పోతుంటే, మన కొనకీ బెండుకీ మధ్య దారం నీటి మీద పడి విల్లులా వంగుతుంది. ఆ వంపు బెండుని పక్కకి లాగేస్తుంది, ఎర సహజంగా కదలదు. బార్బెల్ అలాంటి ఎరని ముట్టుకోదు. పొడవాటి రాడ్ అయితే దారాన్ని నీటి మీద నుంచి ఎత్తి, పైప్రవాహం వైపు తిరగేసి వెయ్యొచ్చు. సెవెర్న్ లాంటి వెడల్పాటి నదిలో 15 అడుగులు ఈ పనిని హాయిగా చేస్తుంది. గట్టు పక్కన నిలిచిన నీటిని దాటి, పారే నీటి మీదకి కొన అందుతుంది కూడా. అదే రాడ్ టీమ్ నదికి తీసుకెళ్తే పైనున్న విల్లో కొమ్మల్లో ఇరుక్కుంటుంది, ఎత్తడానికి జాగా ఉండదు. అక్కడ 12 లేదా 13. ఒక్కటే కొనగలిగితే 13 తీసుకోండి, పెద్ద నదిలో కొంచెం దగ్గరగా పట్టుకుంటే సరిపోతుంది. 14 అడుగులది రెండు చోట్లా పనికొస్తుందంటారు గానీ, నాకు చిన్న నదిలో అది కూడా ఎక్కువే అనిపించింది.

రింగులు కడ్డీకి కాస్త ఎత్తుగా, మూడు కాళ్లతో నిలబడి ఉండాలి. వాన పడుతుంటే తడి దారం కడ్డీకి అతుక్కుపోతుంది, అప్పుడు బెండు సాఫీగా ముందుకి పోదు. పాత రాడ్ కొంటే ప్రతి రింగులోంచి కొంచెం దూది లాగి చూడండి. ఎక్కడైనా పోగు చిక్కుకుంటే లోపల పగులుంది, అది దారాన్ని కోస్తుంది. ముక్కలు కలిసే చోట్లు కూడా గట్టిగా, ఊగకుండా ఉండాలి.

పిడి పట్టుకున్నప్పుడు దాని చివర మోచేయి దాటి కొంచెం బయటకి రావాలి. మరీ పొడవైతే కోటుకి తగులుతూ చిరాకు పెడుతుంది. ప్రవాహమే తిప్పే సెంటర్‌పిన్ రీల్ వాడాలనుకుంటే, జారే రింగులున్న పిడి మీద దాన్ని నచ్చిన చోట పెట్టుకోవచ్చు. నేను మాత్రం మరతో బిగించేదే ఎంచుకున్నాను, చేప పరిగెడుతున్నప్పుడు రీల్ వదులవుతుందేమో అన్న టెన్షన్ ఉండదు. బరువు విషయంలో గ్రాములు చదవకండి. రీల్‌తో సహా రాడ్‌ని ఐదు నిమిషాలు చేత్తో పట్టుకుని నిలబడండి. కొన కిందికి వాలిపోతూ మణికట్టు నొప్పెడితే, నది ఒడ్డున నాలుగు గంటలు పట్టుకోలేరు.

ఒక్క జాగ్రత్త మాత్రం మర్చిపోవద్దు. కార్బన్ రాడ్‌లోంచి కరెంటు పారుతుంది. పైన తీగలున్న చోటికి 30 మీటర్ల లోపు వెయ్యకండి, ఎత్తిపెట్టిన రాడ్‌తో వాటి కింద నడవకండి.

సరైన నడుమున్న రాడ్‌తో చేపని తొందరగా గట్టుకి తేవచ్చు. వేసవిలో నీళ్లు వెచ్చగా ఉండి ప్రాణవాయువు తక్కువగా ఉన్నప్పుడు ఇది చాలా ముఖ్యం. వదిలేముందు తల ప్రవాహానికి ఎదురుగా ఉండేలా నీళ్లలోనే మెల్లగా పట్టుకోండి, అదే చేతుల్లోంచి విదిలించుకుని వెళ్లేదాకా.

ఇక్కడి నదుల్లో మార్చి 15 నుంచి జూన్ 15 దాకా చేపలు పట్టకూడదు. పదమూడేళ్లు నిండినవాళ్లందరికీ రాడ్ లైసెన్స్ ఉండాలి. కొత్త రాడ్ ఆ మూడు నెలల్లో చేతికొస్తే ఏదైనా అనుమతున్న చెరువు దగ్గరకి తీసుకెళ్లండి. బెండు వెయ్యడం, దారం ఎత్తి తిరగేయడం అక్కడ చేతికి అలవాటైతే, జూన్ 16 పొద్దున నీళ్ల మీద ధ్యాస పెట్టొచ్చు.