టర్కీ కాల్ పట్టుకుని అడవికి వెళ్లే ముందు చూసుకోవాల్సినవి

అమెరికాలో వసంతకాలం టర్కీ వేటలో మనం టర్కీ కాల్ అనే కూత పరికరంతో టర్కీ కోడిపెట్టలా కూస్తే పుంజు వస్తుంది. ఒక్కోసారి ఆ కూతకి ఇంకో వేటగాడూ వస్తాడు. అసలు టెన్షన్ అదే.

– లైసెన్స్, ట్యాగ్ (వేటాడిన పక్షికి కట్టే చీటీ) జేబులో ఉన్నాయా? హెచ్1బీ మీద ఉన్నవాళ్లకు ఇది మరీ ముఖ్యం: హంటింగ్ లైసెన్స్ లాంటి మినహాయింపు లేకుండా తుపాకీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ నేరం.

– ఎరుపు, తెలుపు, నీలం బట్టలు వద్దు, సాక్సులు కూడా. పుంజు తల రంగులు అవే.

– మీ భుజాలకన్నా వెడల్పైన చెట్టుకు వీపు ఆనించి కూర్చున్నాకే కూయండి. ఎవరైనా కనిపిస్తే చెయ్యి ఊపొద్దు, ఆ కదలికే పక్షిలా కనిపిస్తుంది. గట్టిగా కేకేయండి. పిట్ట బెదిరిపోతే పోనివ్వండి.

– పబ్లిక్ అడవుల్లో పుంజు కూత కూయకండి. వేరే కూత వినిపిస్తే దాని వైపు పాకుతూ వెళ్లొద్దు.

– బాక్స్ కాల్‌కి (మూత రుద్ది కూత తెప్పించే చెక్క పెట్టెకి) సుద్ద రాశారా? నడిచేటప్పుడు కిర్రుమనకుండా రబ్బరు బ్యాండు వేయండి. బాక్స్ కాల్ తడిస్తే పనిచేయదు, కాబట్టి నోట్లో పెట్టుకునే డయాఫ్రమ్ కాల్ కూడా ఉంచుకోండి. పుంజు దగ్గరికొచ్చాక రెండు చేతులూ తుపాకీ మీదే ఉండాలి కదా, అప్పుడూ అదే దిక్కు.

– డికాయ్‌ని (ఎరగా పెట్టే టర్కీ బొమ్మని) సంచిలో దాచే మోయండి.

– నలభై గజాల దూరంలో ఒక చెట్టును ముందే గుర్తు పెట్టుకోండి. అది దాటి కాల్చొద్దు.

– పుంజు బదులిస్తూ వస్తుంటే కూత తగ్గించండి. కొత్తవాళ్లు ఆపకుండా కూసి చెడగొట్టేది ఇక్కడే.