అంబులెన్స్ నేరుగా మీ గేటు దగ్గరికి రావాలంటే

చాలా ఏళ్లు హైదరాబాద్ సిటీలో అంబులెన్స్ నడిపాను. మమ్మల్ని పైలట్లు అంటారు. ట్రాఫిక్‌లో పోయే టైమ్ కంటే, చివరి సందులో ఇల్లు వెతుక్కుంటూ పోయే టైమే నన్ను ఎక్కువ బాధపెట్టేది. ట్రాఫిక్ మన చేతిలో లేదు. అడ్రస్ చెప్పడం మన చేతిలోనే ఉంది. ఇంట్లో అందరూ బాగున్నప్పుడే దాన్ని సిద్ధం చేసి పెట్టుకోండి.

వైద్యానికి 108, పోలీసులకు 100, ఫైర్‌కు 101. టెన్షన్‌లో ఏదీ గుర్తు రాకపోతే 112 కొట్టండి, మూడింటికీ అది పనిచేస్తుంది.

ఇంటి నంబరు ఒక్కటే చెప్పి ఊరుకోకండి. 8-3 అంటూ మొదలయ్యే నంబర్లలో మొదటిది వార్డు, రెండోది బ్లాకు, ఆ తర్వాతది ఇల్లు. స్థలాన్ని ముక్కలు చేసినప్పుడల్లా వెనక ఒక గీత పెట్టి ఏ, బీ, 1, 2 చేరుస్తూ పోయారు. అందుకే ఒక నంబరు పక్కన దాని తర్వాతి నంబరు ఉంటుందన్న నమ్మకం లేదు. పైగా గేటు మీద ప్లాట్ నంబరు వేరే ఉంటుంది. అమెరికాలో చాలా కౌంటీల్లో (మన జిల్లాల్లాంటివి) అక్కడి ఎమర్జెన్సీ నంబరు 911 కోసం అడ్రస్‌లు ఇచ్చే విభాగమే ఉంటుంది. రోడ్డు మొదలైన చోటి నుంచి దూరం కొలిచి నంబరు ఇస్తారు. చాలాచోట్ల మైలుకు 1000 నంబర్లు, ఒక పక్క సరి, రెండో పక్క బేసి. నంబరు వినగానే ఎంత దూరం పోవాలో, ఏ పక్క చూడాలో డ్రైవర్‌కు తెలిసిపోతుంది. మనకు ఆ సౌకర్యం లేదు కాబట్టి దారి మనమే చెప్పాలి.

దారి ఎప్పుడూ పెద్ద గుర్తు నుంచి చిన్న గుర్తుకు రావాలి. ఒక చీటీ ఇలా రాయండి: ‘మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా, కూకట్‌పల్లి మండలం, మూసాపేట. మెట్రో స్టేషన్ దాటి కూకట్‌పల్లి వైపు. పెట్రోల్ బంకు తర్వాత ఎడమకు రెండో సందు. మూల మీద వాటర్ ట్యాంకు. నీలం గేటు, మూడో అంతస్తు, లిఫ్ట్ ఉంది.’ కింద మీ ఫోన్ నంబరు, పక్కింటివాళ్ల నంబరు. జిల్లా ఎందుకంటారా? 2016లో జిల్లాలు విడగొట్టాక గచ్చిబౌలి రంగారెడ్డిలో, అమీన్‌పూర్ సంగారెడ్డిలో ఉన్నాయి. అందరం హైదరాబాద్ అనే అంటాం.

‘హనుమాన్ గుడి దగ్గర’ అంటే ఏ గుడి? ‘సాయి నిలయం’ అంటే ఎన్ని లేవు? రోడ్ నంబర్ 10 బంజారాహిల్స్‌లోనూ ఉంది, జూబ్లీహిల్స్‌లోనూ ఉంది. ఏ హిల్సో ముందు చెప్పండి. పిల్లర్ నంబరు మాత్రం బంగారం లాంటి గుర్తు. మెట్రో పిల్లర్ అయితే నంబరు ముందున్న అక్షరం కూడా చెప్పాలి. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా పీవీ ఎక్స్‌ప్రెస్‌వే కింద ఉన్నవాళ్లు ‘పీవీ పిల్లర్’ అని విడిగా చెప్పండి.

ఔటర్ రింగ్ రోడ్డు మీద యాక్సిడెంట్ చూస్తే ఏ వైపు రోడ్డో తప్పకుండా చెప్పాలి. ‘గచ్చిబౌలి నుంచి శంషాబాద్ వెళ్లే వైపు, ఫలానా ఎగ్జిట్ దాటాక’ అనాలి. అవతలి వైపుకు వచ్చిన బండి మళ్లీ ఇంటర్‌చేంజ్ దాకా పోయి తిరిగి రావాలి. మనిషి కళ్ల ముందే కనిపిస్తున్నా మధ్యలో డివైడర్ దాటలేం.

లొకేషన్ పంపేటప్పుడు బెడ్‌రూమ్‌లోంచి పంపకండి. అపార్ట్‌మెంట్ లోపల జీపీఎస్ పక్కకు జరిగి వెనక సందు చూపిస్తుంది. గేటు బయట నిలబడి పిన్ పెట్టి, ఇప్పుడే సేవ్ చేసుకోండి. 2025లో తపాలా శాఖ తెచ్చిన డిజిపిన్ కూడా రాసుకోవచ్చు. పది అక్షరాల కోడ్, దాదాపు నాలుగు మీటర్ల చదరాన్ని చూపిస్తుంది. దాని తయారీలో మన ఐఐటీ హైదరాబాద్, ఇస్రో వారి ఎన్‌ఆర్‌ఎస్‌సీ కూడా ఉన్నాయి. అయితే ఫోన్‌లో మొదట నోటితో దారి చెప్పండి, కోడ్ తర్వాత.

కాలనీ అసోసియేషన్ వాళ్లకు నా ప్రత్యేక విన్నపం. రాత్రి వెనక గేటుకు తాళం వేస్తారు. మ్యాప్‌కు ఆ సంగతి తెలియదు, దగ్గరి దారి అని బండిని అక్కడికే తీసుకొస్తుంది. అప్పుడు ఇరుకు సందులో రివర్స్ తీసుకోవాలి. తాళం చెవి ఎవరి దగ్గరుందో గేటు మీదే పెయింట్‌తో రాయించండి. రాత్రంతా తెరిచి ఉండే గేటు ఏదో ప్రతి ఇంటి చీటీలో ఉండాలి.

ఫోన్ చేశాక లైన్ ఖాళీగా ఉంచండి, పైలట్ మీకే చేస్తాడు. ఒకరు మెయిన్ రోడ్డు మలుపు దగ్గర నిలబడాలి, రాత్రయితే ఫోన్ టార్చ్ ఊపుతూ.

చీటీ సరిగ్గా ఉందో లేదో చూడటానికి 108కి ఉత్తుత్తి ఫోన్ చేయకండి. మీ ఇల్లు ఎప్పుడూ చూడని స్నేహితుడికి ఆ చీటీ చదివి వినిపించి, మ్యాప్ లేకుండా, ఫోన్ చేయకుండా రమ్మనండి. ఎక్కడ ఆగాడో అడిగి, ఆ లైను మార్చి రాయండి.